కూలి తలకు ఈతాకు టోపీ

కాగితాల మీద నా ఉద్యోగం పేరు హస్తకళల శిక్షకురాలు. కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో మాత్రం నన్ను టోపీల మేడం అనేవాళ్లు. ఈతాకుతో టోపీలు అల్లడం నేర్పేదాన్ని కాబట్టి ఆ పేరు వచ్చింది. తెలుగులో టోపీ పెట్టడం అంటే మోసం చెయ్యడం కూడా కదా, అందుకని బస్సులో ఎవరైనా నన్ను ఆ పేరు పెట్టి పలకరిస్తే పక్కవాళ్లు కిసుక్కున నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఒక వేసవి తర్వాత నవ్వు రాలేదు.

ఈ మధ్య ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మా ఇంటికొచ్చి, పని ఎట్లా ఉంటుందో చెప్పమన్నారు. బదిలీలు, ప్రమోషన్లు, ఫైళ్ల సంగతి ఆఫీసులో చేరిన నెలకే ఎవరికైనా తెలిసిపోతుంది. తెలియకుండా మిగిలిపోయేవి కొన్ని ఉంటాయి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నాకు వాటిని నేర్పింది ముఖ్యంగా ఒకే ఒక గని. దాని గురించే రాస్తున్నాను.

దస్తగిరమ్మ దగ్గర చదువు

నాది వేంపల్లె దగ్గర పల్లె. మాది సేద్యం చేసుకునే ఇల్లు. ఇంట్లో ఈతచాపలు, ఈతబుట్టలు బోలెడన్ని ఉండేవి గానీ వాటిని అల్లిన చేతులు మా ఇంటివి కావు. ఈ సంగతి ఉద్యోగంలో చేరేదాకా నా బుద్ధికి తట్టలేదు. శిక్షణ కేంద్రంలో ఆరు నెలలు నేర్చుకుని, సర్టిఫికెట్ సంచిలో పెట్టుకుని, ఓర్వకల్లు దాటి బేతంచెర్ల దిక్కుకు పోయే దారిలో ఉన్న ఒక పల్లెకు పాఠం చెప్పడానికి పోయాను. చుట్టూ రాళ్లగుట్టలు, నాపరాళ్ల గనులు, వంక గట్టున ఈతచెట్లు.

ఆ ఊళ్లో దస్తగిరమ్మ అని యాభై ఏళ్ల మనిషి ఉండేది. చిన్నప్పటి నుంచి చాపలు, బుట్టలు, పొరకలు అల్లి బతికిన మనిషి. నేను బోర్డు మీద బొమ్మ గీసి, ఆకు చీల్చి చూపిస్తుంటే వెనక కూర్చుని కాసేపు చూసింది. తర్వాత లేచి వచ్చి నా చేతిలోని ఆకు తీసుకుంది.

"ఏమ్మీ, ఈ ఆకు ఎప్పుడు కోసినావు?"

"నిన్న కోయించాను పెద్దమ్మా."

"ఎండలో ఆరబెట్టినావా?"

"అవును."

"అదీ సంగతి. ఎండలో పెడ్తే ఆకు అప్పడమైపోతాది. నీడన మూడు దినాలు పెట్టల్ల. అల్లే ముందురోజు తడి గోనెలో సుట్టి పెట్టల్ల. చెట్టు ఎండలో పుట్టినా, కోసినంక ఆకు ఎండకు ఓర్సుకోదు."

ఆ మాటంటూ నా ఆకును రెండు వేళ్లతో నలిపింది. పొడిపొడి అయింది. ఆడవాళ్లంతా నవ్వారు. నేను బోర్డు పక్కన పెట్టేసి దస్తగిరమ్మ పక్కన నేల మీద కూర్చున్నాను. కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పగలిగిన మొదటి మాట ఇదే. మీరు నేర్పడానికి పోయిన ప్రతి ఊళ్లో మీకు నేర్పగలిగిన మనిషి ఒకరు ఉంటారు. మొదటి వారంలోనే ఆ మనిషిని వెతుక్కోండి.

టోపీ కొత్తే అయినా, చాపలు అల్లే ఆడవాళ్లకు దాన్ని కుట్టడం కష్టమైన విద్య ఏమీ కాదు. లేత ఆకును సన్నగా చీల్చి ఐదు పాయలతోనో ఏడు పాయలతోనో జడ అల్లాలి. బారల కొద్దీ జడ తయారయ్యాక నడినెత్తి దగ్గర నత్తగుల్లలాగా చుట్టడం మొదలుపెట్టి, చుట్టుకు చుట్టు ఆనించి సూదితో కుట్టుకుంటూ పోవాలి. చుట్లు కిందికి దిగితే బుర్ర అవుతుంది, బయటికి పరుచుకుంటే అంచు అవుతుంది. దస్తగిరమ్మ మూడో రోజుకే ఒకటి కుట్టేసింది. కుట్టి, పక్కనున్న కడవ మీద బోర్లించింది.

"నువ్వు పెట్టుకో పెద్దమ్మా, చూద్దాం" అన్నాను.

"నాకేంటికి తల్లీ!" అని సిగ్గుపడి కొంగు లాక్కుంది.

అల్లిన మనిషి తన తలకు ఎందుకు పెట్టుకోలేదని నేను ఆ రోజు అడగలేదు. మరో నాలుగేళ్లు అడగలేదు.

నా చేతులతో తీసిన టోపీలు

అప్పటి మా ఆఫీసరుకు ఎగ్జిబిషన్లంటే ప్రాణం. హైదరాబాదులోనో బెంగళూరులోనో స్టాలు పెట్టి, రంగులద్దిన టోపీలు, రిబ్బను కట్టిన టోపీలు అమ్మించేవాడు. దాంతో మా ఆడవాళ్ల చేతిలో నాలుగు రూకలు ఆడిన మాట నిజం. ఆయన చెడ్డమనిషి అని మీరు అనుకోకూడదు. తన కిందివాళ్లను ఒక్క మాట అనేవాడు కాదు. కాకపోతే ఆయన చూపు ఎప్పుడూ కొనేవాళ్ల మీదే ఉండేది.

ఒక ఏప్రిల్‌లో ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. స్టాలు వెనక గోడకు పెద్ద ఫోటో ఒకటి పెట్టాలి. ఎండలో పనిచేసే కూలీలు మన టోపీలు పెట్టుకుని నిలబడి ఉండాలి. దస్తగిరమ్మ ఊరి పక్కనే నాపరాళ్ల గని ఉంది కదా, అక్కడికి పోదాం అన్నాడు. పాతిక టోపీలు జీపులో వేసుకుని పోయాం.

గనిలో కూలీల పెద్ద పేరు మద్దిలేటి. నలభై ఏళ్లుంటాయి, సమ్మెట పట్టే మనిషి. ఆయన భార్య చెన్నమ్మ రాళ్లచిప్పలు తట్టలో ఎత్తి గని పైకి మోసేది. ఆ ఎండ సంగతి ఆ ప్రాంతంవాళ్లకు చెప్పక్కర్లేదు. పైనుంచి ఒక ఎండ, తెల్లటి రాతి పరుపు మీద పడి కిందినుంచి ఇంకో ఎండ. నీడ అన్నది లేదు. మొగవాళ్ల తలకు తువ్వాలు, ఆడవాళ్ల తలకు కొంగు. అంతే.

టోపీలు పంచాం. చెన్నమ్మకు నేనే పెట్టి, గడ్డం కింద దారం ముడి వేశాను.

"మేడం, కండ్లు సల్లబడినాయి" అంది. "ఇన్నేండ్లూ కండ్లు మూసుకోనే నడుస్తాంటినేమో."

ఫోటో తీశారు. అందరూ నవ్వు మొహాలతో నిలబడ్డారు. అయిపోయాక మా ఆఫీసరు జీపులోంచి, "టోపీలన్నీ తెచ్చెయ్యమ్మా, స్టాల్లో పెట్టాలి" అని కేకేశాడు.

తెచ్చేశాను. ఒక్కొక్కరి తల మీది నుంచి తీసి ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాను. చెన్నమ్మ దారం వెంట్రుకల్లో చిక్కుకుంటే నేనే విడిపించాను.

"ఒగటి ఉండనీకూడదా మేడం?" అంది.

"ఇవి ఎగ్జిబిషన్‌వమ్మా. మీకు కొత్తవి తెచ్చిస్తాంలే" అన్నాను.

అబద్ధం చెబుతున్నానని నేను అనుకోలేదు. తెస్తామనే అనుకున్నాను. ఎవరు తెస్తారు, ఎప్పుడు తెస్తారు అని మాత్రం ఆలోచించలేదు.

రెండు వారాలు గడవకముందే పాఠానికి పోతే దస్తగిరమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. "చెన్నమ్మ పాయమ్మీ" అంది. మిట్టమధ్యాహ్నం తట్ట నెత్తిన పెట్టుకుని గని ఎక్కుతూ పడిపోయిందట. కళ్లు తిరిగాయేమోనని బండచాటున పడుకోబెట్టి మజ్జిగ తాగించబోయారట. ఒళ్లు పెనంలాగా కాలిపోతోందట. ఆటోలో ఆసుపత్రికి చేరేలోపలే ప్రాణం పోయింది.

టోపీ ఉంటే చెన్నమ్మ బతికేదని నేను అనను. నీడ లేని చోట, నీళ్లు చాలని చోట, మిట్టమధ్యాహ్నం మోత మోయిస్తే ఒక టోపీ ఏం ఆపుతుంది? కానీ ఆమె అడిగిన ఒక్కదాన్ని ఆమె తల మీది నుంచి తీసింది నా చేతులే. ఆ సంగతికి ఏ సర్దుబాటూ లేదు.

వాళ్లింటికి పోయాను. మద్దిలేటి గడప పక్కన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"రాండి మేడం. ఫోటో వచ్చిందా?"

దెప్పిపొడవడానికి అన్న మాట కాదది. నిజంగానే అడిగాడు. ఆమె ఫోటో ఆ ఇంట్లో ఇంకొకటి లేదు. తర్వాత తల వంచుకుని అన్నాడు.

"మాకు టోపీ పెట్టి పోతిరి మేడం."

మర్నాడు ఆఫీసరుకు చెప్పాను. ఆయన ఆ రోజంతా గదిలోంచి బయటికి రాలేదు. ఫోటోను స్టాలుకు పంపించలేదు, ఒక ప్రతి కడిగించి నా చేతికిచ్చాడు. ఇచ్చి, "ఇంక ఆ గని జోలికి పోవద్దమ్మా" అన్నాడు. భయపడ్డాడు. నేను ఫోటో మద్దిలేటికి ఇచ్చి వచ్చాను. మళ్లీ పోవాలని ఆ దారిలోనే తీర్మానించుకున్నాను.

ఏ పొద్దూ తలొంచనోళ్లది

నెల తిరక్కుండా దస్తగిరమ్మ, నేను, ఇంకో ఆరుగురు కూర్చుని రంగులూ రిబ్బన్లూ లేని పాతిక టోపీలు కుట్టాం. గనికి తీసుకుపోయాను. ఒక్కరూ ముట్టుకోలేదు. రాతి మీద కుప్పగా పెట్టి పొద్దు వాలేదాకా కూర్చున్నాను. మరుసటి వారం పోయాను. ఆ పై వారం పోయాను. నా మీద కోపమే అనుకున్నాను. కోపం ఉంది గానీ అదొక్కటే కాదని మద్దిలేటి చెబితేనే తెలిసింది.

"ఏం మేడం, ఎండంటే మాకు ఇష్టమనుకున్నారా? మా నాయన తలగుడ్డ కట్టేటోడు. పెద్దోళ్లు ఎదురొస్తే అది తీసి సంకలో పెట్టుకునేటోడు. నా కండ్లతో సూస్తి. తువ్వాలైతే నెత్తి మీద నుంచి తీసి బుజానేసుకుంటాం, అయిపోతాది. ఈ టోపీ తీస్తే యాడ పెట్టుకోవల్ల? తీయకుంటే పొగరంటారు. ఇది ఏ పొద్దూ తలొంచనోళ్లు పెట్టుకునేది మేడం. మాది కాదు."

అప్పటిదాకా నేను టోపీని ఆకు, జడ, సూది అనుకున్నాను. ఆ రోజు నుంచి ఏ ఊరికి పోయినా ముసలివాళ్లను ఒకటే అడిగేదాన్ని: మీ చిన్నప్పుడు ఎవరి తల మీద ఏముండేది? వాళ్లు చెప్పిందాంట్లో ఒక చరిత్ర ఉంది. దొరల కాలంలో జీలుగుబెండుతో చేసిన టోపీ పెట్టుకుని గుర్రం మీద వచ్చే ఆఫీసర్లను వాళ్ల తాతలు చూశారు. దొరలు పోయాక ఆ టోపీ కాంట్రాక్టర్ల తలకెక్కింది, సర్వేయర్ల తలకెక్కింది. ఊళ్లో పెద్దలకు రుమాలు. ఆ రుమాలు ఎంత పెద్దదైతే మనిషి అంత పెద్ద. గొర్రెలకాపరికి గొంగడి. కూలివాడికి తువ్వాలు. ఆడదానికి, ఏ కులమైనా, కొంగు. తల మీద చూసి మనిషిని అంచనా కట్టే పద్ధతి మా సీమలో ఎంత పాతదో అప్పుడు అర్థమైంది.

మా అవ్వను అడిగితే ఇంకో సంగతి చెప్పింది. వాళ్ల కాలంలో వానలో కలుపు తీసేటప్పుడు తాటాకుతో చేసిన గిడుగు నెత్తిన పెట్టుకునేవాళ్లట. "వానకు మాకు గిడుగుండె. ఎండకే ల్యా" అంది. వాన అరుదుగా వచ్చే సీమలో వానకు అడ్డం ఉండి, ఏడాదికి తొమ్మిది నెలలు కాసే ఎండకు లేకపోవడం ఏమిటని ఆ రోజంతా ఆలోచించాను. వానలో తడిస్తే మనిషి జబ్బుపడతాడు, పని ఆగుతుంది. ఎండలో మనిషి పడిపోయేదాకా పని ఆగదు. అందుకే లేదేమో.

చాలా ఏళ్ల తర్వాత మా తమ్ముడి కొడుకు తుమ్మలపల్లె యురేనియం గనిలో పనికి చేరి, తలకు హెల్మెట్‌తో ఫోటో దిగాడు. దాన్ని చూసి ఎవరూ పొగరనలేదు. పైగా ఉద్యోగస్తుడన్నారు. పైవాడు పెట్టుకోమన్న టోపీకి గౌరవం వస్తుంది. మనంతట మనం పెట్టుకున్న టోపీకి పొగరు అని పేరు వస్తుంది. నా అభిప్రాయం ఇది. మీరు ఒప్పుకోకపోయినా సరే, పని చేసే చోట ఈ తేడా గమనించండి.

తల కొలతలు

మద్దిలేటి మాట విన్నాక ఒక మంచిపని చేశాను. కుట్టిన టోపీలు మొయ్యడం మానేసి, ఖాళీ చేతులతో గనికి పోయి కూర్చున్నాను. ఎవరు ఎట్లా వంగుతున్నారు, ఎట్లా మోస్తున్నారు అని చూశాను. అప్పుడు బయటపడ్డాయి మా టోపీలోని తప్పులు.

మా శిక్షణ కేంద్రం ఇచ్చిన చెక్క అచ్చు క్రాపు చేయించుకున్న మొగవాడి తలది. కొప్పు ఉన్న ఆడదాని తల మీద అది నిలవదు. గుండ్రటి బుర్ర మీద తట్ట ఆనదు. తట్ట కింద పెట్టుకునే గుడ్డకుదురుకు చోటు లేదు. సమ్మెట ఎత్తేవాడికి వెడల్పు అంచు కంటికి అడ్డం. గుట్ట మీది గాలికి దారం లేని టోపీ ఆగదు. ఐదేళ్లుగా వందల టోపీలు కుట్టించిన మనిషిని నేను. వీటిలో ఒక్కటీ నాకు తెలియదు.

గనిలో అందరికంటే పెద్దది నాగమ్మ. అరవై దగ్గర పడింది, కళ్లు ఎప్పుడూ నీళ్లు కారుతుండేవి. ఆమెను దస్తగిరమ్మ ఇంటికి పిలుచుకుపోయి కూర్చోబెట్టాం. దస్తగిరమ్మ జడను నాగమ్మ తల చుట్టూ తిప్పి కొలుచుకుంది.

"వెనక కొంచిం కోసేయ్, కొప్పు బయటికి రానీ" అంది నాగమ్మ. "నెత్తిన గూడా సప్పగా ఉండనీ. కుదురు ఆనల్ల."

"సప్పగా కుడితే సిబ్బి మాదిరి ఉంటాది నాగక్కా."

"ఉండనీలే. బువ్వ వడగట్టుకుంటా."

నవ్వుకుంటూ కుట్టారు. కుట్టినదాన్ని నాగమ్మ గనికి పట్టుకుపోయి వారానికి చింపుకొచ్చింది. చెమటకు లోపలి చుట్టు కుళ్లింది. పాత చీర గుడ్డ పట్టీ వేశాం. మళ్లీ చింపింది. బుర్రలో గాలి ఆడటం లేదంది. రెండు చుట్ల మధ్య సందు వదిలి కుట్టాం. అట్లా రెండు వేసవులు పట్టింది. రెండో వేసవికి గనిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే పెట్టుకోవడం మొదలుపెట్టారు. దస్తగిరమ్మ కూడా ఆకు కోయడానికి వంకకు పోయేటప్పుడు పెట్టుకుంది. ఎవరూ చూడటంలేదనుకుని పెట్టుకుంది. నేను చూశాను గానీ ఏమీ అనలేదు.

మొగవాళ్లు పెట్టుకోలేదు. ఒకరోజు మద్దిలేటి వచ్చి కుప్పలోంచి ఒకటి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తలకు పెట్టుకున్నాడు.

"ఆడోళ్లు పెట్టుకుంటాండారు. మేము పెట్టుకోకుంటే ఎవరైనా వచ్చి వాళ్లనే అంటారు. అందరం పెట్టుకుంటే అందర్నీ అనల్ల."

తలగుడ్డ సంగతి చెప్పిన ఆ ఒక్క రోజు తప్ప నాతో మూడు మాటలకు మించి మాట్లాడని మనిషి. నా మీద కోపం పోయిందో లేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఎండ దిగినంక

ఆ మే నెలలో నేను గనిలో ఉండగానే యజమాని వచ్చాడు. బంధువులెవరో నాపరాళ్లు చూడటానికి వస్తే కారులో వెంటబెట్టుకొచ్చాడు. దిగీదిగగానే అందరి తలలూ చూశాడు.

"ఏమప్పా మద్దిలేటీ, అందరూ దొరలైపోయినారే! మనిషొస్తే టోపీ తీయల్లని తెలీదా?"

సమ్మెటలు ఆగిపోయాయి. మద్దిలేటి చెయ్యి గడ్డం కింద దారం మీదికి పోయింది. నాకు ఇప్పటికీ ఆ చెయ్యి కనబడుతుంది. ఆయన కావాలని ఎత్తలేదు. దానంతట అది లేచింది. నేను ఏదో చెప్పబోయాను. నేను నోరు తెరవకముందే తట్ట మోస్తున్న నాగమ్మ ఆగి, నింపాదిగా అంది.

"ఎండ దిగినంక తీస్తాంలే నాయనా."

అందులో వెక్కిరింత లేదు. పని ముగిశాక కాళ్లు కడుక్కుంటాంలే అన్నట్టు చెప్పింది. మద్దిలేటి చెయ్యి కిందికి దిగింది. బంధువుల్లో ఒకాయన నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు. బహుశా ఆ నవ్వే యజమానికి ఎక్కువ తగిలింది.

"రేపట్నుంచి పనికి రావద్దు. మీ మేడంనే పెట్టుకోమనండి పనిలో" అని కారెక్కి పోయాడు.

మర్నాటికల్లా మా ఆఫీసుకు ఫిర్యాదు వచ్చింది. ఆఫీసరు పిలిచాడు.

"ఆ గనికి పోవద్దని నీకు చెప్పానా లేదా?"

"చెప్పారు సార్."

"మరి?"

"నా పని టోపీలు కుట్టడం నేర్పడం సార్. కుట్టిన మనిషి పెట్టుకోడానికి భయపడేదైతే, నేను నేర్పింది ఏమిటి? రేపూ పోతాను. కాగితం మీద రాసిచ్చి ఆపండి, ఆగుతాను."

ఆయన కలం తీశాడు. చాలాసేపు పట్టుకున్నాడు. చివరికి టోపీ పెట్టి పక్కన పెట్టేశాడు, కలం టోపీ. "నేనేమీ రాయలేదు, నువ్వేమీ వినలేదు. ఫో" అన్నాడు. ఆయన చేయగలిగిన ధైర్యం అంతే, అది చేశాడు. ఆఫీసర్లందరి నుంచీ ఒకే కొలత ధైర్యం ఆశించకండి.

గని మూడు రోజులు మూసి ఉంది. మూడో రోజు నాగమ్మ ఇంటి ముందు పందిరి కింద అందరూ కూర్చున్నారు. నేనూ ఉన్నాను. దినకూలి మీద బతికే ఇళ్లు. పొయ్యిలో పిల్లి లేవని ఇళ్లు కూడా అప్పటికే రెండు మూడు ఉన్నాయి.

"టోపీ కోసరం పస్తుండల్లనా? తీసి పారేస్తే పోతాది. అంతకుముందు బతకల్యా?" అని ఒకడు లేచాడు.

అతన్ని తప్పు పట్టడానికి నాకు హక్కు లేదు. నా జీతం ఆగలేదు. అందుకే నోరు మూసుకుని కూర్చున్నాను. మద్దిలేటే చెప్పాడు.

"తీసేది కష్టం గాదప్పా. తీసినంక మల్ల పెట్టుకునేదే కష్టం. ఒగసారి నా పెండ్లాం నెత్తి మీద నుంచి తీసిరి. మల్ల పెట్టుకునేకి ఆ మనిషి ల్యా."

నా వైపు చూడలేదు. చూడకపోవడం ఆయన మర్యాద. అప్పుడు నాగమ్మ, "ఎట్లాగూ కూర్సుంటిమి కదా, ఇంగొగటి గూడా అడుగుదాం. నడిమధ్యాన్నం పని వద్దు" అంది.

నాలుగో రోజు పొద్దున గని మేస్త్రీ సైకిల్ మీద వచ్చాడు. లారీలు వచ్చి నిలబడ్డాయి, రాయి ఎక్కించేవాళ్లు లేరు.

"నెత్తిన ఏమన్నా పెట్టుకోండప్పా, వంటబోకులు పెట్టుకోండి. ముందు రాండి."

"వస్తాం. పదకొండుకు పని దిగి మూడుకు మల్ల పనికెక్కుతాం. నీళ్లు గని కాడనే పెట్టియ్యల్ల. అడిగి రాపో" అన్నాడు మద్దిలేటి.

మేస్త్రీ తిట్టుకుంటూ పోయాడు. సాయంత్రానికి సరేనని కబురొచ్చింది. యజమాని మనసు మారిందని కాదు, ఆయనకు లారీ బాడుగ మీద పడుతోంది. మనసులు మారేదాకా ఆగితే మన పని ఎప్పటికీ కాదు.

అన్నిచోట్లా ఇట్లా జరిగిందనుకోవద్దు. ఇంకో రెండు గనుల్లో టోపీ పెట్టుకున్నందుకు మనుషుల్ని మాన్పించారు. ఒకచోట నేను తొందరపెట్టి పెట్టించాను, వాళ్లు నిలబడలేకపోయారు. ఆ తప్పు నాది. ముందు మనుషులు ఒకటి కావాలి, తర్వాతే టోపీ. నాగమ్మ వాళ్లు రెండేళ్లు తీసుకున్నదాన్ని నేను ఇంకోచోట రెండు నెలల్లో చేయబోయాను.

వేంపల్లె సంతలో

రిటైరయ్యాక వారానికొకసారి వేంపల్లె సంతలో మా ఆడవాళ్లు పెట్టే అంగడి దగ్గర కూర్చుంటాను. ఇప్పుడు కాలం మారింది. కాలేజీ పిల్లలు వచ్చి టోపీలు కొని, అక్కడే సెల్‌ఫోన్లలో వీడియోలు తీసుకుంటారు. పులివెందుల నుంచి పెళ్లి ఫోటోల కోసం కొనుక్కుపోతారు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. కష్టపడి కూలి తలకు చేర్చినదాన్ని మళ్లీ వేషానికి వాడుతున్నారే అనుకునేదాన్ని. తర్వాత గమనించాను. ఆ పిల్లలు పెట్టుకుని తిరిగాక, చేలో పెట్టుకున్నవాళ్లను దొరా అని ఎకసెక్కెం చేసేవాళ్లు తగ్గారు. ఎవరి వల్ల ఏ పని జరుగుతుందో ముందే చెప్పలేం.

పోయిన వేసవిలో ఒకామె వచ్చింది. ముప్పై, ముప్పై అయిదు ఉంటాయి. శనక్కాయ చేలో కలుపు తీసి నేరుగా వచ్చినట్టుంది, చేతులకు ఇంకా మట్టి. టోపీలన్నీ తిరగేసి, అంచు ఒక పక్క కాస్త పైకి మడిచి కుట్టినదాన్ని తీసింది. మాలో ఒక పడుచుపిల్ల కాలేజీ పిల్లల కోసం కుట్టిన టోపీ అది.

నేను వెంటనే నా పాత పనిలోకి దిగిపోయాను. "అది వద్దమ్మా. ఇది తీసుకో. దీని అంచు వెడల్పు, మెడ దాకా నీడొస్తుంది. లోపల గుడ్డ పట్టీ ఉంది, చెమట పీలుస్తుంది. గాలి ఆడుతుంది" అని ఇంకోటి చేతికిచ్చాను.

ఆమె అది పక్కన పెట్టేసింది. మడత అంచు టోపీనే పెట్టుకుని, రెండు చేతులతో సర్దుకుని, నా వైపు తిరిగింది.

"ఎండ సంగతి నాకు తెల్సులే అవ్వా. ఇది పెట్టుకుంటే నేను ఎట్లుండానో సెప్పు."

ముప్పై ఏళ్లు తలలు కొలిచాను. కొప్పులు కొలిచాను, అంచులు కొలిచాను, నీడ ఎందాకా పడుతుందో కొలిచాను. టోపీ కింది మొహాన్ని ఒక్కసారి కూడా ఆ చూపుతో చూడలేదు. నన్ను ఏ కూలిమనిషీ ఆ మాట అడగనూ లేదు. కళ్లజోడు సర్దుకుని చూశాను. నల్లటి మొహం, ముక్కుపుడక, చెమట, ఆ వంకర అంచు కింద కొంటెగా వెలిగే కళ్లు.

"శానా బాగుండావు" అన్నాను.

"అట్లైతే ఇదే ఇయ్యి."

దారం ముడి వేసుకుని, సంచి చంకన పెట్టుకుని, సంత నడిమధ్యలోంచి నడిచిపోయింది. ఎదురుగా ఎవరెవరో వస్తున్నారు. ఎవరికీ తీయలేదు.